బ్యాటరీకి పూసిన పసుపు

పొద్దున్న మనవడి కారు టకటకమందే గానీ స్టార్టవలేదు. బ్యాటరీ వీకయిందన్నాడు. వాడికదేం లెక్క, నాకైతే చిన్నప్పటి ఒక దసరా గుర్తొచ్చింది. నా ఈడువాళ్ళకి గుర్తుందా, దసరాకి కారులో ఏ ముక్కనీ వదలకుండా పసుపు పూసేవాళ్ళం?

పాతపట్నంలో నాన్న అద్దెకారు నడిపేవాడు. ఆ యేడు దసరాకి కారు కడగడానికని బ్యాటరీ వైర్లు విప్పితే, మామ్మ ఆ వైర్లు తగిలించే సీసపు బొడిపెలకి కూడా పసుపుముద్ద పూసింది. పూజ పసుపు తుడవకూడదని నాన్న దానిమీదే వైర్లు బిగించేశాడు.

మర్నాడు అమ్మకి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది, శ్రీకాకుళం తీసుకుపొమ్మంది మంత్రసాని. అమ్మని వెనకసీట్లో పడుకోబెట్టి నాన్న తాళం తిప్పితే, లైట్లు మిణుకుమన్నాయి గానీ కారు కదల్లేదు.

"పసుపు అడ్డొచ్చి కరెంటు అందట్నేదే అమ్మా. గీకేత్తాను."

"ఒరే, శుభమాని పూసింది గీకేత్తావేట్రా!" అంది మామ్మ.

లోపల్నుంచి అమ్మ అరిచింది. "అత్తా, నాను సచ్చిపోతే నాకు పుయ్యి ఆ పసుపు!"

మామ్మ తనే వేడినీళ్ళు తెచ్చి ఆ పసుపుమీద పోసింది. నాన్న బొడిపెలు మెరిసేలా గీకి వైర్లు బిగించాడు. కారు స్టార్టయింది.

మలుపు దాటి కారు కనబడకపోయినా, చప్పుడు మధ్యలో ఆగిపోతుందేమోనని మామ్మ నా నోరు మూసి వింటూ నిలబడింది. తమ్ముడు పుట్టాడని, అమ్మ బాగుందని కబురొచ్చేదాకా ఇద్దరం అన్నం ముట్టలేదు.