సగంలో తెగే లైను

చిత్తూరులో మామిడి గుజ్జు ఎగుమతి చేసే ఒక ఆఫీసులో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. బ్రాడ్‌బ్యాండు ఇంకా మా ఊరి మొహం చూడని కాలం. ఆఫీసంతటికీ ఒకటే టెలిఫోను లైను. దానికి మోడెం తగిలించి, ఒక కంప్యూటరును మెయిల్ సర్వరుగా మార్చి, గంటకోసారి అది తనంతట తానే ఫోను చేసుకుని మెయిళ్ళన్నీ దించి ఎవరి బల్లకు వాళ్ళవి పంచేటట్టు పెట్టడం నా పని. పెట్టాను. మోడెం కీచుమని కూసి ఇంటర్నెట్టు తగులుకున్నప్పుడు నాకు పట్టరాని సంతోషం వేసింది.

ఓనరు మాత్రం దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "అందరి ఉత్తరాలూ దీని కడుపులోనే పడతాయా?" అని అడిగాడు. అవునన్నాను. "అయితే తాళంచెవి నీ దగ్గర ఉండాదన్నమాట."

పాస్‌వర్డు గురించి ఆయన అంటున్నది. అప్పుడే నేను మేలుకుని ఉండాల్సింది.

ఆయన మనుషుల్ని నమ్మి ఎరగడు. డ్రైవరు డీజిలు పోయించుకుని వస్తే ట్యాంకులో పుల్ల ముంచి చూసేవాడు. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడప్పా" అనేది ఆయన ఊతపదం. అనేటప్పుడు ఎదురుగా ఎవరుంటే వాళ్ళను చూసేవాడు. కొత్తగా చేరినవాణ్ణి కాబట్టి ఎక్కువసార్లు ఎదురుగా ఉన్నది నేనే.

వైరు లాగకముందే ఆయన్ని అడిగాను, ఈ లైను మీద ఇంకెక్కడైనా ఫోను ఉందా అని. మోడెం పనిచేసేటప్పుడు ఎవరైనా రిసీవరు ఎత్తితే లైను తెగుతుందని కూడా చెప్పాను. "యాడా లేదు" అన్నాడు. ఆ ఒక్క మాటా నేను నమ్మాను.

మామిడి కాలం మొదలై తోతాపురి కాయల లారీలు గేటు ముందు వరస కట్టాయి. గల్ఫ్‌లో కొత్తగా దొరికిన ఒక కొనుగోలుదారు మా గుజ్జు నమూనాను పరీక్ష చేయించి, ఆ కాగితాలతో సహా మెయిలు పంపాడు. అది దిగడం మొదలయ్యేది, సగంలో లైను తెగేది. మళ్ళీ మొదటినుంచి. చిన్న మెయిళ్ళు ఎలాగో దిగేవి, పెద్దది దిగేది కాదు. మోడెం మార్చాను, వైరు మార్చాను, లైన్‌మన్‌ను బతిమాలి స్తంభం దాకా చూపించాను. ఎక్కడా లోపం లేదు.

ఇంతలో ఆ గల్ఫ్ ఆర్డరు ఇంకో ఫ్యాక్టరీకి పోతుందని మండీలో మాట పుట్టింది. ఓనరు నన్ను పిలిచాడు.

"సగం మెయిలు వచ్చిందంటావు. మిగతా సగం యాడ పోయింది?"

"దిగలేదు సార్. లైను తెగిపోతా ఉండాది."

"తెగతా ఉండాదా, నువ్వు కోస్తా ఉండావా?"

మా నాయన ఆ ఊళ్ళోనే బడిలో అయ్యవారు. ఆయన కొడుకు ఓనరు మెయిళ్ళు బయట అమ్ముకున్నాడని ఒక్క నోరు అంటే చాలు, చిత్తూరులో ఏ ఆఫీసూ నన్ను గడప తొక్కనివ్వదు. కోపం కన్నా భయమే ఎక్కువ వేసింది. నేనూ అందర్నీ అనుమానంగా చూడటం మొదలుపెట్టాను. గుమాస్తా దగ్గినా ఎందుకు దగ్గాడా అని ఆలోచించేవాణ్ణి.

అప్పుడు ఓనరు తోటలో జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టించుకోవడానికి పుత్తూరు పోయాడు. ఆ రోజు లైను ఒక్కసారి కూడా తెగలేదు. గల్ఫ్ మెయిలు మొత్తం దిగింది. నమూనా నచ్చింది, ఆర్డరు కాగితాలు త్వరలో పంపుతామని ఉంది. ఆయన రాగానే ప్రింటు తీసి సంబరంగా బల్లమీద పెట్టాను.

చదివి తలెత్తాడు. "నేను లేని దినమే ఎట్ట వచ్చిందప్పా ఇది?"



ఆర్డరు కాగితాలు వచ్చే రోజు మోడెం కూసింది, మెయిలు సగం దిగి తెగింది. ఆ సంగతి చెబుదామని ఓనరు గదికి పరుగెత్తాను. ఆదుర్దాలో తలుపు తట్టడం మరిచిపోయాను. ఆయన బల్ల సొరుగు తెరిచి ఉంది. సొరుగులో ఒక ఫోను. రిసీవరు ఆయన ఎడమచేతిలో, చెవి దగ్గర. కుడిచేతికి కట్టు ఉంది కాబట్టి, రిసీవరు పెట్టేసి సొరుగు మూసేంత త్వరగా ఆయనకు చెయ్యి ఆడలేదు.

సిగ్గుపడతాడనుకున్నాను. ఆయనే నన్ను నిలదీశాడు. "ఎవురితో మాట్లాడతా ఉండావు? ఇన్నాళ్ళుగా ఇంటానే ఉండా. కీచుకీచుమని ఈ కూతలేంది?"

"అది మోడెం సార్. మీరు ఎత్తినప్పుడల్లా లైను తెగతాది. పెట్టేయండి, సూపిస్తా."

పెట్టేసి నా వెనకే వచ్చి నిలబడ్డాడు. మళ్ళీ తగిలించాను. మెయిలు మొత్తం దిగింది. ఆర్డరు మాకే. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆర్డరు వచ్చినందుకు కాదు, నా పేరు నిలబడినందుకు.

"నువ్వు దొంగవి కాదులేప్పా" అన్నాడు ఓనరు, గుమాస్తా వినేటట్టుగానే. సాయంత్రం నన్ను గదిలోకి పిలిచాడు. సొరుగు మూసి ఉంది.

"ఈడ ఫోను ఉండాదని నీకు తెలిసిపోయింది. ఇంక నువ్వుంటే అది ఉండీ దండగే గదా," అన్నాడు నెమ్మదిగా. "రేపట్నించి రావద్దు. మీ నాయనకు నేనే చెప్తాలే, పిల్లోడు మంచోడని."

మెట్లు దిగుతుంటే లోపల సర్వరు దానంతటదే ఫోను చేసుకుంది. మోడెం కూత మొదలైంది. నిలబడి విన్నాను. సగంలో తెగింది.