పైగది తాళం తీయించిన సువార్తక్క

నిన్న పొద్దున పాపకు జడ వేస్తుంటే ఫోన్ మోగింది. షాపులో నాతో పనిచేసే శైలజ. ఏడుస్తూనే చెప్పింది.

"సువార్తక్క పోయిందే మౌనికా. పండుకున్నకాడనే పోయింది. గుండె ఆగిందంట."

రిబ్బన్ చేతిలోనే ఉండిపోయింది.

మొన్న సాయంత్రం కలిసే షాపు మెట్లు దిగాం. "రేపు జర జల్దీ రా, కొత్త స్టాకొస్తది" అని ఆటో ఎక్కింది. మనిషి నవ్వుతూ వెళ్లింది. ఎలా నమ్మాలి?

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. చిట్యాలలో హైవే పక్కన మేము పనిచేసే చీరల షాపులో సువార్తక్క అందరికంటే సీనియర్. సొంతూరు కేతేపల్లి. భర్త పోయాక ఇక్కడే కిరాయి ఇంట్లో ఉంటూ కొడుకును ఐటీఐ చదివించింది. ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే.

మాది నేత ఇల్లు. చీర ఎలా పుడుతుందో నాకు తెలుసు. దాన్ని కౌంటర్ మీద పరిచి అమ్మడం నేర్పింది మాత్రం అక్కే.

నాకు ఏడో నెల వచ్చినప్పటి సంగతి ఇది. మా షాపులో కూర్చోవడానికి స్టూల్ ఉండదు. అప్పట్లో వీక్లీ ఆఫ్ అన్న మాటే లేదు. ఒకరోజు రాకపోతే జీతం కట్. కాన్పుకు జీతంతో సెలవు ఉంటుందని చెకప్‌కు వెళ్లినప్పుడు ఆశా వర్కర్ చెప్పింది. నాకు అడిగే ధైర్యం లేదు. అక్క నా చెయ్యి పట్టుకుని షాపు ఓనర్ సేటు దగ్గరికి తీసుకెళ్లింది.

సేటు తల కూడా ఎత్తలేదు. "గా రూలు పదిమంది పనిజేసే షాపులకు. మనకాడ గంతమంది యాడున్నరు? పోతే పొమ్మను. మల్ల రావద్దను."

"పైన ఫాల్ కుట్టెటోళ్లు మనుషులు గాదా సేటూ?" అంది అక్క.

ఆయన రిజిస్టర్ తీసి మా ముందుకు నెట్టాడు. పైగదిలో కుట్టేవాళ్ల పేర్లు అందులో లేవు. నా పేరూ లేదని అప్పుడే తెలిసింది.

అక్క బస్సెక్కి నల్గొండ లేబర్ ఆఫీసుకు వెళ్లి కంప్లైంట్ ఇచ్చి వచ్చింది. మాకెవరికీ చెప్పలేదు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం సేటు బామ్మర్ది ఉరుకుతూ వచ్చాడు. "లేబర్ ఆఫీసరొస్తుండు. పైకి నడువుండ్రి. కిక్కురుమనొద్దు." ఫాల్ కుట్టేవాళ్లతో పాటు నన్నూ పైగదిలోకి పంపి బయట తాళం వేశాడు.

రేకుల గది. ఎండాకాలం. చప్పుడు కిందికి వినిపిస్తుందని ఫ్యాన్ కూడా ఆపేశారు. చీరల డబ్బాల మధ్య గోడకు ఆనుకుని నిలబడ్డాను. కళ్లు తిరుగుతున్నాయి. కడుపులో పాప ఒకటే తన్నడం.

కింద మాటలు మెట్లమీదుగా వినిపిస్తున్నాయి.

"స్టాఫ్ ఇంతేనా?" కొత్త గొంతు. ఆఫీసర్‌దే.

"అంతే సార్. చిన్న దుకాణం మాది."

"ఏమ్మా, ఇంతేనా మీరు?"

పైన మేం తలుపు దగ్గరికి జరిగాం.

అప్పుడు అక్క గొంతు. "కాదు సార్. పైన ఇంకా ఉన్నరు. తాళమేసిండ్రు. అండ్ల ఒక పిల్ల కడుపుతోనుంది."

"అది గోదాం సార్. చీరలుంటయి," అన్నాడు సేటు.

అక్క గట్టిగా అరిచింది. "మౌనికా! తలుపు కొట్టవే!"

నా పక్కనున్న, ఫాల్ కుట్టే యాదమ్మ వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వద్దే. అందరి పనులు పోతయి."

"కొట్టవే బిడ్డా!"

చెయ్యి విడిపించుకున్నాను. రెండు చేతులతో తలుపు బాదాను. బాదుతూనే ఉన్నాను. కాసేపటికి నా పక్కన ఇంకో చెయ్యి తలుపు మీద పడింది. చూస్తే యాదమ్మ వదిన.

తాళం తీశారు. చెమటతో తడిసిపోయి మెట్లు దిగాను. అక్క తన బాటిల్ నా నోటికి అందించి, కౌంటర్ వెనక సేటు కుర్చీ లాగి నన్ను అందులో కూర్చోబెట్టింది. ఆఫీసర్ మా అందరి పేర్లూ రాసుకున్నాడు.

ఆ సాయంత్రమే సేటు అక్కతో అన్నాడు. "రేపటిసంది రాకు."

అక్క టిఫిన్ బాక్స్ తీసుకుని వెళ్లిపోయింది. సొంతూరు కేతేపల్లికి పోయి కూలి పని చేసింది. నన్ను చూడటానికి వచ్చినప్పుడు ఆమె అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. నావల్లే కదా అని ఏడ్చాను.

"నీ ఒక్కదానికోసమే అనుకుంటున్నవా?" అని కసిరింది. "నా కొడుకు పుట్టినప్పుడు పచ్చి బాలింతగ పోయి నిలబడ్డ. పాలు జాకెట్ మీదికి కారుతుంటే కొంగు కప్పుకొని చీరలు సూపిచ్చిన. ఇంకొకదానికి గట్ల కావద్దు."

లేబర్ ఆఫీసు నుంచి సేటుకు పిలుపు మీద పిలుపు వచ్చింది. చివరికి ఆయనే మనిషిని పంపి అక్కను వెనక్కి పిలిపించుకున్నాడు. నాకు కాన్పు సెలవు జీతం ఆలస్యంగానైనా వచ్చింది. పైగదికి తాళం పోయింది. అందరికీ వారానికో రోజు సెలవు మొదలైంది.

ఆదివారం గిరాకీ ఎక్కువని అక్కకు మంగళవారం ఇచ్చాడు సేటు. చర్చి ఎట్లా అక్కా అంటే నవ్వింది. "మంగళారమే పోయి కూసుంట. ఎవ్వరుండరు. దేవునికి నా మాట మంచిగ ఇనవడతది."

ఇవాళ కేతేపల్లిలో మట్టి చేసి వచ్చాం. షాపు వాళ్లందరం వెళ్లాం. యాదమ్మ వదిన దారి పొడవునా నా చెయ్యి వదల్లేదు.

పొద్దున సేటుకు ఫోన్ చేసింది నేనే. సెలవు కావాలని అడగలేదు. "అందరం అక్క దగ్గరికి పోతున్నం" అని చెప్పాను.

ఆయన "పోయిరాండ్రి" అన్నాడు.

పోయిరా అక్కా. చాలా ఏళ్లు నిలబడ్డావు. ఇక దేవుని దగ్గర హాయిగా కూర్చో.