పందిరి గెలిచిన ఏడు

మా అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు గారిని దించాలని రెండు బ్లాకుల వాళ్లూ ఏకమయ్యారు. నిన్న వాట్సాప్ గ్రూపులో ఒకరి మాటకి ఒకరు దండాల బొమ్మలు పెట్టుకుంటుంటే నాకు నవ్వొచ్చింది, వెంటనే దిగులూ వేసింది. ఈ ముచ్చట నా చిన్నప్పుడు విశాఖ ఉక్కునగరంలో ఒకసారి చూశాను.

అప్పట్లో మా సెక్టారుకి మీసాల ప్రెసిడెంటు గారొకరు ఉండేవారు. శ్రీరామనవమి పందిరి ఎప్పుడూ ఆయన క్వార్టరు ముందే పడాలి. పానకంలో మిరియాలు ఎన్ని వేయాలో కూడా ఆయనే చెప్పాలి. వయసు మీదపడి మైకులో మనుషుల పేర్లు తప్పు చదువుతున్నా కుర్చీ మాత్రం వదిలేవారు కాదు. చివరికి మా నాన్న వైపు ఉత్తరాంధ్ర వాళ్లూ, పక్క క్వార్టరు గోదావరి మావయ్య వైపు వాళ్లూ కలిసి ఆయన్ని దించారు. ఆ ఇద్దరి పొత్తూ కొత్తది కాదు. ఉక్కు ఫ్యాక్టరీలో ఒకే సెక్షనులో పని, వేరే వేరే షిఫ్టులు. మావయ్య ఊరెళ్తే ఆయన షిఫ్టు నాన్న చేసేవాడు. తగరపువలస దగ్గర మా ఊళ్లో అమ్మవారి పండగొస్తే నాన్న షిఫ్టు మావయ్య చేసేవారు. పండగనాడు నెత్తిన ఘటం ఎత్తుకుని నానమ్మ గుడికి నడిస్తే, పక్కన పెద్దకొడుకు నడవాలి. అది మా ఇంటి ఆనవాయితీ.

"ఈపాలి పందిరి మావోళ్ల ఈదిలోనే, బావా!" అన్నాడు నాన్న, గెలిచిన సాయంత్రం మావయ్య నోట్లో మైసూర్‌పాకు పెడుతూ. మావయ్య అది పూర్తిగా నమిలి మింగి, "అదేంటి బావగారూ, మా వాళ్ల వీధిలో అనుకున్నాం కదండీ," అన్నారు. అంతే. ఆ ఏడు సీతారాములకి మా సెక్టారులో రెండు పెళ్లిళ్లు జరిగాయి. ఒక మైకులో మంగళసూత్రం కడుతుంటే రెండో మైకులో ఇంకా జీలకర్ర బెల్లమే. ఓడిపోయిన ప్రెసిడెంటు గారు మాత్రం ఏ బెంగా లేకుండా రెండు పందిళ్లలోనూ పానకం తాగి వెళ్లారు. నాన్న, మావయ్య మాటలు మానేశారు.

కొద్ది రోజులకే అమ్మవారి పండగ వచ్చింది. ఆ రోజు నాన్నకి మధ్యాహ్నం షిఫ్టు, సెలవు దొరకలేదు. ఒంట్లో బాగుండటం లేదని, ఘటం ఎత్తడం ఇదే ఆఖరని నానమ్మ కబురు పంపింది. నాన్న బదులు ఆ షిఫ్టు చేయగలిగింది మావయ్య ఒక్కరే.

"ఎల్లి ఒక్క మాట అడగండి, ఏటైపోద్ది?" అంది అమ్మ.

"సచ్చినా నానడగను," అన్నాడు నాన్న. నాన్న మీద నాకు అంత కోపం ఇంకెప్పుడూ రాలేదు.

నాన్న స్కూటరు బయటికి తీసేసరికి పక్క గుమ్మంలో మావయ్య నిలబడి ఉన్నారు. ఆయనది రాత్రి షిఫ్టు. అయినా మిట్టమధ్యాహ్నం యూనిఫాం వేసుకుని, బూట్లు తొడుక్కుని, హెల్మెట్ చంకలో పెట్టుకుని, నాన్ననే చూస్తున్నారు. నాన్న ఆ బూట్లూ చూశాడు, హెల్మెటూ చూశాడు. స్కూటరు కాస్త తడబడింది, కానీ ఆగలేదు.

ఆ సాయంత్రం నానమ్మ పక్కన, వరసకి చిన్నాన్న అయ్యే ఒకాయన నడిచాడట. మళ్లీ పండగకి నానమ్మ లేదు. మావయ్య రిటైరై తన ఊరు వెళ్లిపోయారు. నాన్న ఇప్పటికీ అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి, "ఆ పూట బండి ఆపుంటే ఏటయ్యేదే?" అని నన్ను అడుగుతుంటాడు. ఏళ్లు గడిచిపోయాయని మనం అనుకుంటాం గానీ, ఆ గుమ్మం ముందు స్కూటరు తడబడిన క్షణం నాన్నకి ఇంకా గడవలేదు.