పని లేని కుర్చీ

ఓజెల్లా పెట్‌వేకి నలభై దాటాక, జీవితంలో మొట్టమొదటిసారి, కూర్చుని చేసే ఉద్యోగం దొరికింది. ఆ వారం నుంచే ఆవిడకు తిన్నది ఒంటబట్టడం మానేసింది.

అంతకుముందు బతుకంతా అలబామా నల్లరేగడి నేలలో, కోళ్ల ఫ్యాక్టరీలో నిలబడి గడిపింది. కొక్కేలకు వేలాడుతూ వచ్చే కోళ్లను కత్తితో చీల్చి ఎముకలు తియ్యడం ఆవిడ పని. గదంతా మంచు. సాయంత్రానికి వేళ్లు కొంకర్లు పోయేవి, ఇంటికొచ్చి వేడినీళ్లలో నానబెడితే గాని తలుపు గడియ తియ్యడానికి కూడా వంగేవి కావు. ఎడమ బొటనవేలి కొసను ఒకనాడు ఆ కత్తే తీసుకుపోయింది. భర్త రూబెన్ కలప లారీ బోల్తాపడి పోయాడు. మిగిలింది ఒక్క కొడుకు, లెమ్యూయెల్, అందరికీ లెమ్. వాడు పదహారేళ్లకే గుమ్మం దగ్గర తల వంచాల్సినంత ఎదిగాడు. బాస్కెట్‌బాల్ బుట్టలో బంతి వెయ్యడానికి వీడు ఎగరక్కర్లేదు, చెయ్యి చాపితే చాలని చర్చిలో నవ్వుకునేవారు.

వాడు హైస్కూలు ముగించే ఏడాది వాళ్ల వసారాలో కుర్చీ చల్లారలేదు. ఏయే కాలేజీల నుంచో కోచ్‌లు వచ్చేవారు. కోడి వాసనకే కడుపులో తిప్పే మనిషి, వాళ్ల కోసం కోడి వేయించి పెట్టేది. అందరూ లొట్టలేసుకుంటూ తిని, మీ అబ్బాయి మా జట్టుకు దేవుడిచ్చిన వరమమ్మా అనేవారు. వింటుంటే ఓజెల్లాకు సంతోషం వెయ్యాలి. భయం వేసేది. సంతలో పశువును మెచ్చుకునేవాడు కాస్తంత మెచ్చుకుంటాడు గాని, మరీ ఇంత మెచ్చుకోడు.

జార్జియాలోని టాలిస్ కాలేజీ నుంచి వచ్చిన వెండెల్ టార్వర్ మాత్రం కొడుకు ఊసెత్తలేదు. అతను అక్కడ చిన్న కోచ్, ఓజెల్లాలాగే నల్లవాడు, చర్చిలో పాటకు గొంతు కలిపినవాడు. వంటింట్లో పీట మీద కూర్చుని ఆవిడ చేతుల వంక చూశాడు.

"ఈ చేతులు ఇంకెన్నాళ్లు ఓర్చుకుంటాయమ్మా?"

ఆ ప్రశ్న ఆవిడనెవరూ అడగలేదు, కట్టుకున్నవాడితో సహా. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా ఊళ్లో క్రాండల్ గారని తివాచీల మిల్లు ఆసామి ఉన్నాడు. మా జట్టంటే ప్రాణం పెడతాడు. ఆయన దగ్గర కూర్చుని చేసే పనుంది. ఇల్లు కూడా చూసి పెడతారు. ఇదంతా ఎవరికీ చెప్పక్కర్లేదనుకో."

"చెప్పుకోడానికి వీల్లేని ఉద్యోగం, అదేం ఉద్యోగం నాయనా?"

టార్వర్ నవ్వేసి ఇంకో ముక్క వడ్డించుకున్నాడు.

అడక్కుండా తెల్లదొరలు చేతిలో ఏదైనా పెడితే ముందు వేళ్లు లెక్క చూసుకోవే అని ఆవిడ తల్లి చెప్పేది. జార్జియా వెళ్లే బస్సులో ఓజెల్లా చూసుకుంది. తొమ్మిదిన్నర. ఆ అరవేలు కోళ్ల ఫ్యాక్టరీ ఎప్పుడో తినేసిందిలే అని సర్దిచెప్పుకుంది. ఆశకు లెక్కలు రావు.

ఊళ్లో దిగాక గాని అసలు సంగతి తెలియలేదు. స్టేడియం బయట కారు పక్కన నిలబెట్టి చెప్పాడు టార్వర్.

"ఎవరైనా అడిగితే పేపర్లో ప్రకటన చూసి వచ్చానని చెప్పమ్మా. కొడుకు ఆట కోసం తల్లికి ఉద్యోగం ఇప్పించారని తేలిందో, కాలేజీ ఆటల సంఘం వాళ్లు లెమ్‌ని ఇంక ఆడనివ్వరు."

"ఇప్పించింది నువ్వు కదయ్యా. మరి నీకేమవుతుంది?"

"నాకా?" కాస్త ఆలోచించి నిజమే చెప్పాడు. "ఇంకో కాలేజీ దొరుకుతుందమ్మా."

ఓజెల్లాకు గుండెల్లో రాయి పడింది అప్పుడే. అందరూ కలిసి చేసిన తప్పుకు జరిమానా ఒక్కడి పేరు మీదే రాసి ఉంది. వాడు తన కొడుకు. వాడి చదువు ఆటకిచ్చిన స్కాలర్‌షిప్ మీదే; ఆట పోతే చదువు పోతుంది, చదువు పోతే ఆ కోళ్ల కొక్కేలే గతి.

మిల్లులో ఆవిడకు ఇచ్చిన చోటు నమూనాల గది. తివాచీ ముక్కలను పుస్తకంలా కుట్టి దుకాణాలకు పంపుతారు, అవి అక్కడ బీరువాల నిండా ఉంటాయి. ఒక బల్ల, ఒక మెత్తటి కుర్చీ. పని మాత్రం లేదు. రెండురోజులు ఎదురుచూసి క్రాండల్ గారినే అడిగింది.

"నన్నేం చెయ్యమంటారు సార్?"

"మీరు ఉంటే చాలు, మిస్ ఓజెల్లా," అన్నాడాయన ఎంతో మర్యాదగా.

ఉండటం ఎంత కష్టమో ఆవిడకు అప్పుడు తెలిసింది. చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, చర్చిలో ముందు వరసలో కూర్చున్నట్టు కూర్చునేది. తెల్లచొక్కా వేసుకున్నవాళ్లెవరు తలుపు దగ్గర ఆగినా నోరు ఎండిపోయేది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కముందే, పేపర్లో చూశాను, పేపర్లో చూశాను అని లోపల్లోపల వల్లించుకునేది. కత్తి పట్టుకున్నన్నాళ్లు వేలు పోతుందనే భయం. ఇప్పుడు ఖాళీ చేతులు ఒళ్లో ఉంటే కొడుకు పోతాడనే భయం.

చివరికి తట్టుకోలేక ఒకరోజు ఇంటి నుంచి దబ్బనం, గట్టి దారం పట్టుకెళ్లింది. దుకాణాల నుంచి అంచులు చిరిగి, ముక్కలు ఊడి తిరిగొచ్చిన పుస్తకాలు మూలన గుట్టపడి ఉన్నాయి, ఎవరూ ముట్టుకోరు. చిన్నప్పటి నుంచి పాతగుడ్డల బొంతలు కుట్టిన చెయ్యి అది. ఒక్కోటి విప్పి, దుమ్ము దులిపి, రంగుకు రంగు జతచేసి మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది. క్రాండల్ గారు అటుగా వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఈ పని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. అందుకే చేస్తున్నా."

ఆయన ముఖం అదోలా అయింది. జీతం తీసుకుని పనిచేసే మనిషిని చూసి కంగారుపడ్డ యజమాని లోకంలో ఆయనొక్కడే అయ్యుంటాడు.

పని దొరికాక ఓజెల్లాకు ఆకలి కాస్త తిరిగొచ్చింది. అది లుర్లీన్ వచ్చేదాకానే. లుర్లీన్ తెల్లావిడ, నూలు చుట్టే యంత్రం దగ్గర నిలబడి నిలబడి నడుం వంగిపోయిన మనిషి. భోజనాల వేళ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"కుర్చీ మెత్తగా ఉందా ఓజెల్లా?"

"ఉందమ్మా."

"ఉంటుంది. నా నడుం పడిపోయాక అది నాకిస్తానని మాటిచ్చాడు ఆ ముసలి క్రాండల్. ఈలోగా నీ కొడుకు పొడుగ్గా పెరిగాడు. నా కొడుకు పొట్టివాడు, ఏం చేస్తాం?"

ఓజెల్లా తినడం ఆపి డబ్బా మూత పెట్టేసింది. సిగ్గు ఒకవైపు, భయం ఒకవైపు. ఈవిడకు అంతా తెలుసు. ఈవిడ ఒక్క మాట అంటే చాలు. ఆ తర్వాత మిల్లులో ఎక్కడ యంత్రం ఆగినా, లుర్లీన్ ఎవరితోనో మాట్లాడుతోందని గుండె గుభేలుమనేది. ఆటలున్న రోజుల్లో స్టేడియం అంతా లేచి లెమ్ పేరు అరుస్తుంటే, ఆవిడ చూపు కొడుకు మీద ఉండేది కాదు. ఆ జనంలో ఎవరు చప్పట్లు కొట్టడం లేదా అని వెతుక్కునేది.

భయపడినంతా అయింది. ఒక శనివారం పొద్దున, లెమ్ సాధనకు వెళ్లాక, బూడిదరంగు కోటు వేసుకున్న ఒక సన్నటి మనిషి తలుపు తట్టాడు. పేరు ఫెన్నర్ అన్నాడు, కాలేజీ ఆటల సంఘం నుంచి వచ్చానన్నాడు. తమకు ఈ సంగతి ఎవరు చేరవేశారో చెప్పలేదు. ఓజెల్లా వంటింట్లో కూర్చోబెట్టి, అప్పుడే దించిన కేకు కోసి ముందు పెట్టింది.

"వద్దండీ. మేం ఏమీ పుచ్చుకోకూడదు."

"మంచినీళ్లయినా తాగండి."

"వద్దండీ."

నీళ్లు కూడా ముట్టనివాణ్ణి చూసి ఆవిడ కేకు పళ్లెం పక్కకు జరిపింది. తిన్నవాడికి కాస్త మొహమాటం ఉంటుంది. తిననివాడికి ఏం ఉంటుంది?

"ఈ ఉద్యోగం సంగతి మీకెలా తెలిసింది?"

"పేపర్లో చూశానండీ."

ఆదివారం బడిలో పిల్లలకు అబద్ధమాడరాదని పాఠం చెప్పే నోరు అది. చేతులు బల్లకింద దాచుకుంది.

"అక్కడ మీరు చేసే పనేంటి?"

అంతే, కట్ట తెగినట్టయింది. ఏ దుకాణం వాళ్లు పుస్తకాలను ఎంత మోటుగా వాడతారో, ఏ రంగు ఎండకు వెలుస్తుందో, తివాచీ వెనకవైపు జనపనారలో దబ్బనం ఎక్కడ దించితే దారం తెగదో, అన్నీ చెప్పింది. లోపలికెళ్లి సగం కుట్టిన పుస్తకం తెచ్చి చూపించింది. చెప్తున్నంతసేపూ ఆవిడకు భయం గుర్తురాలేదు. ఫెన్నర్ కలం మూసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇలాంటి ఇళ్లు చాలా తిరిగానండీ. ఏం పని చేస్తారని అడిగితే ఒక్కరూ రెండు మాటలు చెప్పలేరు. మిమ్మల్ని ఆపడం నావల్ల కాలేదు." వెళ్తూ తన ఫోన్ నంబరున్న కార్డు బల్ల మీద పెట్టాడు. "ఎప్పుడైనా ఏదైనా చెప్పాలనిపిస్తే."

ఆవిడ తలుపు వేసి గడియ పెట్టింది. గండం గడిచిందన్న సంతోషం రాలేదు. వాంతి వచ్చింది.

సోమవారం లుర్లీన్‌ని వెతుక్కుంటూ తనే వెళ్లింది.

"నా దగ్గరికీ వచ్చాడులే," అంది లుర్లీన్ యంత్రం మీంచి తల తిప్పకుండా. "ఆ గదిలో ఆవిడ పనిచేస్తుందా అని అడిగాడు. మా అందరికంటే ఎక్కువే చేస్తుందన్నాను. నిజమేగా?"

"నువ్వు... ఎందుకలా చెప్పావు?"

"కుర్చీ ఎవరిదని అడగలేదు. అడిగుంటే చెప్పేదాన్నే. నీ మీద ప్రేమేం లేదు నాకు. పిల్లాడు నా కుర్చీ లాక్కోలేదుగా." తెగిన నూలు ముడేస్తూ, "పో, పోయి కుట్టుకో," అంది.

ఆ చలికాలం చివర్లో, కాలేజీ ఊళ్లోనే జరిగిన ఆటలో, లెమ్ బంతి కోసం ఎగిరి వంకరగా దిగాడు. అన్ని వేలమంది ఒక్కసారిగా నోరు మూసుకుంటే ఎలా ఉంటుందో ఓజెల్లా ఆ రోజు విన్నది. మోకాలి కీలు దగ్గర నరం తెగిందన్నారు. కోసి కుట్టారు. నడుస్తాడు గాని ఇదివరకులా ఎగరలేడన్నారు. మొదటివారం పూలు వచ్చాయి, రెండోవారం టార్వర్ వచ్చాడు, ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య. వేసవి ముందు ఆవిడే వెళ్లి స్టేడియం దగ్గర టార్వర్‌ని పట్టుకుంది.

"స్కాలర్‌షిప్ ఏడాదికోసారి ఇచ్చేదమ్మా," అన్నాడు కారు తాళాల వంక చూస్తూ. "వచ్చే ఏడాదికి ఇవ్వట్లేదు."

"ఆ కాలు నీ ఆటలో దెబ్బతింది నాయనా. నా వంటింట్లో జారిపడి కాదు."

"నా చేతిలో లేదమ్మా."

"నా ఇంట్లో తిన్నప్పుడు అన్నీ నీ చేతిలోనే ఉన్నాయే!"

అతను తల దించుకున్నాడు గాని కారెక్కకుండా ఆగలేదు.

ఆ నెలాఖరుకు క్రాండల్ గారు, అదే మర్యాదతో, నమూనాల గదిలో మార్పులు చేస్తున్నామన్నాడు. మార్పు మర్నాడే వచ్చింది. దక్షిణ కరోలినా నుంచి వచ్చిన ఒక నల్లావిడ, తలమీద చర్చి టోపీ, ఒళ్లో చేతిసంచి, అదే కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. లుర్లీన్ గుమ్మంలోంచి ఒకసారి చూసి, నడుం పట్టుకుని తన యంత్రం దగ్గరికి వెళ్లిపోయింది. ఓజెల్లా తన సామాను సర్దుకుంటుంటే ఆ కొత్తావిడ మెల్లగా అడిగింది.

"అక్కా, ఇక్కడ నేనేం చెయ్యాలి? ఎవరూ చెప్పట్లేదు."

"చెప్పరు. చెప్పకపోయినా చెయ్యి."

దబ్బనం ఆవిడ చేతిలో పెట్టి, మొదటి పుస్తకం తనే విప్పి, సాయంత్రం దాకా కూర్చుని నేర్పింది.

ఇంటికొచ్చి ఓజెల్లా ఫెన్నర్ ఇచ్చిన కార్డు తీసింది. ఏ మనిషి గుమ్మం తొక్కుతాడని ఏడాదంతా వణికిందో, చివరికి చెప్పుకోడానికి ఆ మనిషి తప్ప ఎవరూ మిగల్లేదు.

"సార్, కాలు పోయిందని మావాడి చదువు తీసేశారు. అలా చెయ్యకూడదని మీ నిబంధనల్లో ఏమైనా ఉందా?"

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది.

"లేదండీ. అది కాలేజీ ఇష్టం."

"పిల్లాడికి అన్నం పెడితే నేరం. అన్నం ముందునుంచి లేపేస్తే కాదా?"

"నేనేం చెయ్యలేనండీ. క్షమించండి." ఆయన గొంతులో బాధ ఉంది. తర్వాత ఆ గొంతు మారింది. "మిసెస్ పెట్‌వే, మీ ఉద్యోగం కూడా పోయిందా?"

"పోయింది సార్."

"ఆ కుర్చీలో ఇప్పుడు ఎవరున్నారు?"

టార్వర్, క్రాండల్, ఆ కాలేజీ, అందరూ ఆ క్షణాన ఓజెల్లా నాలుక చివర ఉన్నారు. చెప్పెయ్యాలని ఎంత కోరిక కలిగిందంటే దవడలు నొప్పి పుట్టాయి. ఒక్క మాట చాలు. వాళ్ల పరువు బజారున పడుతుంది. కొన్నాళ్లకు టార్వర్‌కు ఇంకో కాలేజీ దొరుకుతుంది. ఆ టోపీ ఆవిడ కొడుక్కి మాత్రం ఇంకేదీ దొరకదు. వాడి పేరేంటో కూడా ఓజెల్లాకు తెలియదు.

"కొత్తావిడ సార్."

"ఆవిడ కొడుకు బాస్కెట్‌బాల్ ఆడతాడా?"

"నాకు తెలీదు సార్. ఆవిడ మాత్రం పనిచేస్తుంది."

"మీరు చూశారా?"

"నా కళ్లతో చూశాను. బాగా కుడుతుంది."

ఫోన్ పెట్టేసినా చెయ్యి దాని మీంచి రాలేదు. పక్కగదిలోంచి లెమ్ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు.

"ఎవరమ్మా?"

"ఎవరూ కాదు నాన్నా."

"మరి చేతులెందుకు అలా వణుకుతున్నాయి? ఇంక మన దగ్గర తీసుకుపోడానికి ఏముందని?"

"మనకోసం కాదురా," అంది ఓజెల్లా. లేచి, చేతులు నానబెట్టుకోడానికి పొయ్యి మీద నీళ్లు పెట్టింది. సోమవారం నుంచి మళ్లీ కోళ్ల ఫ్యాక్టరీలో కత్తి పట్టుకోవాలి.