పచ్చి బాలింత నేల

కొండ జారిందన్న కబురు నాకు మొదట తెచ్చింది చిలకమ్మ. కరోనా తర్వాత రెండో వానాకాలం అది. గూడెం కొత్తవీధికి పైనున్న ఒక కొండ ఊళ్ళో, కాఫీ తోటలకు నీడనిచ్చే మొక్కలు పెంచే నర్సరీని నేను చూసుకునేదాన్ని. బడికి వెళ్ళి చదివినదాన్ని కాదు. మా నాన్న ప్రార్థన మందిరంలో ఉపదేశి. చదువూ, లెక్కలూ, మొక్కలకు అంటు కట్టడమూ ఇంటి అరుగు మీదే నేర్పాడు. ఆ మేలుకు దేవునికి ఇప్పటికీ రోజూ స్తోత్రం చెప్పుకుంటాను.

ఆ ఉదయం మా ఊరి ముసలామె చిలకమ్మ తడిసిన చీరతో నర్సరీ గేటు దగ్గర నిలబడి, "గుంటా, బేగి రా. కొండ జారిపోనాది," అంది. నాకు నలభై దాటినా ఆమెకు నేను గుంటనే, చిన్నపిల్లనే.

వెళ్ళి చూస్తే కొండ ఒక పక్క నిలువునా చర్మం ఒలిచినట్టుంది. చెట్లూ మన్నూ కొట్టుకుపోయి ఉత్త రాయీ, గరుసూ తేలాయి. మనుషులెవరికీ ఏమీ కాలేదు, దేవుని దయ. చిలకమ్మ రాగులు పండించుకునే చోడి మళ్ళలో మాత్రం పైవి పూడిపోయాయి. కింద రెండు మళ్ళు, వాటి పక్కన ఒక ఊట మిగిలాయి. ఒంటరి మనిషి. తాగే నీళ్ళూ, కాచుకునే అంబలీ ఇక ఆ కాస్త చోటు నుంచే రావాలి. పైనున్న బోడి వాలు మళ్ళీ కదిలితే అవీ దక్కవు.

"కొండదేవతకి కోడిని మొక్కుకున్నాను," అంది. "ఆ నేల మీద మొదటి కొండచీపురు కోసినదాకా ఎవుల్నీ అడుగెట్టనివ్వను. నా మేకల్ని కూడా."

చీపుళ్ళు కట్టే ఆ గడ్డి వేళ్ళూనిందంటే వాలు నిలబడిందని ఆమె లెక్క. నేను తల ఊపాను. లోపల మాత్రం, ఇదొక మూఢనమ్మకం అనుకున్నాను.

ఆ చలికాలం ఒక కాలేజీ నుంచి వృక్షశాస్త్రం మేడం వచ్చారు. అంతకుముందు హిమాలయాల్లో, మంచు వెనక్కి తగ్గిన చోట్ల మొక్కలెలా వస్తాయో చూసిన మనిషి. చిలకమ్మ ఆమెను కూడా జారిన వాలు అంచు దాటనివ్వలేదు. అక్కడే బండ మీద కూర్చుని ఫోన్లో ఫోటోలు చూపించారు.

"ఆ తెల్లదేటి?" అంది చిలకమ్మ.

"మంచు. వేల ఏళ్ళుగా ఉన్నదే మామ్మా, ఏటేటా కరిగి వెనక్కి పోతోంది. ఇదిగో, ఇది అది వదిలేసిన నేల."

"మా నేలనాగే బోడిగా ఉన్నాది. మరి ఈ పచ్చదేటి?"

"మొదట రాతిపువ్వు పడుతుంది. అది రాయిని కొరికి చిటికెడు పొడి చేస్తుంది. ఆ పొడిలో నాచు. నాచు నీళ్ళు పట్టుకుంటుంది. తర్వాత వేళ్ళ బుడిపెల్లో గాలి నుంచి ఎరువు కూడబెట్టే చిన్న మొక్కలు, ఆ తర్వాతే గడ్డి, పొదలు, చెట్లు. దీన్ని ప్రైమరీ సక్సెషన్ అంటాం. మన్నే లేని చోట ఒకటి వచ్చి ఇంకోదానికి చోటు చేసిపెట్టడం."

"ఎవులు నాటినారు? అక్కడా ఇలాటి గుంట ఉన్నాదేటి?" అని నన్ను చూపించింది.

"ఎవరూ నాటలేదు మామ్మా."

"అదీ మరి," అని చిలకమ్మ చుట్ట వెలిగించుకుంది.

మేడం వాలు అంచున దారంతో చదరం కట్టి, నాకో నోటుపుస్తకం ఇచ్చి వెళ్ళారు. ఆ చదరాన్ని క్వాడ్రాట్ అంటారు. అందులో ఏది మొలిచిందో నెలనెలా రాయాలి. మొదటి ఏడాదంతా 'ఏమీ లేదు' అనే రాశాను. తర్వాత నాచు. ఆ వెనక చిన్న చిన్న ఫెర్న్ ఆకులు. మూడో వానాకాలానికి, మేడం చెప్పినట్టు వేళ్ళకు బుడిపెలుండే వెంపలి మొక్కలు నాలుగు పూశాయి, ఒకచోట కొండచీపురు మొలక తలెత్తింది. నోటుపుస్తకంలో రాస్తుంటే కళ్ళు చెమర్చాయి.

తప్పు ఆ ఏడాదే చేశాను. తోటల్లో గోతులు సిద్ధం కాక, నర్సరీలో సిల్వర్ ఓక్ మొక్కలు మిగిలిపోయాయి. సంచిలో మొక్క ఎక్కువ కాలం ఉంటే వేరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది. దాన్ని రూట్ కాయిలింగ్ అంటాం. అలాంటి వేరు నేలను పట్టదు, ఆ మొక్కను పారేయాలన్నది మా పనిలో మొదటి పాఠం. నేను పారేయలేకపోయాను. విత్తనం నుంచి పెంచినవి. దేవుడిచ్చినదాన్ని పారేయడం కృతఘ్నత అనిపించింది. ప్రార్థన చేసుకున్నాను. ఆ బోడి వాలు మనసులో మెదిలింది. అదే జవాబనుకున్నాను.

చిలకమ్మ ఒప్పుకోలేదు. "ఏటి సేత్తన్నావు గుంటా? అది పచ్చి బాలింత నేల. బాలింతని మోతకి పంపుతావేటి?"

"చెట్లుంటే మన్ను నిలుస్తుంది మామ్మా. నీ ఊట కోసమే."

"నా మొక్కో?"

"నేను ప్రార్థన చేశాను. ఏమీ కాదు."

ఆమె "సదువుకున్నదానివి. నీకు తెల్దా," అని కర్ర తీసుకుని పక్కకు జరిగింది. ఆ ఒక్క అడుగు ఆమె నా మీద నమ్మకంతో వేసింది.

గోతులు తవ్వించాను. ప్రతి గోతి చుట్టూ కలుపు తీయించి పళ్ళెంలా గీకించాను. కలుపంటే ఏమిటి? ఆ నాచు, ఆ ఫెర్న్, ఆ వెంపలి. మూడేళ్ళు నా చేత్తో నోటుపుస్తకంలో రాసుకున్నవాటినే నా మాటతో పీకించాను. అలవాటు కళ్ళకు గంతలు కట్టింది.

తర్వాత ఎడతెగని ముసురు పట్టింది. గోతులు కుండల్లా నిండి, ఒకదాన్నుంచి ఒకటి తెగి, వాలు మధ్యన గండి పడింది. రాళ్ళూ గరుసూ దిగి రెండు మళ్ళనూ, ఊటనూ కప్పేశాయి. ఈ కబురూ చిలకమ్మే తెచ్చింది. అదే గేటు దగ్గర, చేతిలో ఒక సిల్వర్ ఓక్ మొక్కతో నిలబడింది. మూడు నెలలు నేలలో ఉన్నా దాని వేరు ఇంకా సంచి ఆకారంలోనే చుట్టుకుని ఉంది.

"ఇదిగో నీ పిల్ల. దారిలో దొరికినాది," అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఊట లేని చోట ఆమె ఉండలేకపోయింది. సీలేరులో కూతురింటికి వెళ్ళిపోయింది. మేకల్ని అమ్మేసిన రోజున కూడా నా తల నిమిరే వెళ్ళింది. మేడంకు ఫోన్ చేసి జరిగినదంతా చెప్పాను. "మంచు వదిలిన నేలలో మేం కాలు పెట్టడానికి కూడా భయపడతామమ్మా," అన్నారు.

నాకు అర్థమైంది ఇంతే. దేవుడు అప్పటికే పని మొదలుపెట్టిన చోట నేను పార దించాను. నా ప్రార్థన పెద్దది, ఆమె మొక్కు చిన్నది అనుకున్నాను. ఆమె మొక్కులో కాపలా ఉంది. నా ప్రార్థనలో తొందర ఉంది.

ఇప్పటికీ నెలనెలా ఆ అంచుకు వెళ్తాను. అక్కణ్ణుంచే చిలకమ్మకు ఫోన్ చేసి నోటుపుస్తకం చదువుతాను. చాలాకాలం 'ఏమీ లేదు మామ్మా' అనే చెప్పాను. మొన్న వానల్లో ఒక రాయి నీడన అరచేతంత పచ్చ మరక కనబడింది.

"నాచు వచ్చింది మామ్మా!"

అటునుంచి సంతోషం వినబడుతుందనుకున్నాను. "దగ్గిరకెళ్ళి సూసినావేటి? ఎక్కడ నిలబడ్డావు? తొక్కీకు గుంటా," అంది.

చదివేవారికి ఒక మనవి. మీ దారిలో ఎక్కడైనా బోడి నేల మీద నాచు కనబడితే కాలు పక్కకు వేయండి. వేస్తూ, చిలకమ్మను ఒక్కసారి తలచుకోండి.