కాచి పెట్టిన ఇంజన్

ఇంజన్ కొనడానికి వచ్చిన వ్యాన్ ఆవిడ కారు బానెట్ ఎత్తి, ఇంజన్ మీద అరచెయ్యి ఆనించింది. చురుక్కుమనడంతో వెంటనే తీసేసింది. చల్లగా ఉంచుతానని అమ్మే మనిషి ముందురోజు ఫోన్‌లో మాటిచ్చిన ఇంజన్ అది.

"కాచి పెట్టడానికి ఇవేమన్నా పాలా అన్నా?" అంది.

బండి యజమాని నలభై ఆరేళ్ల టాక్సీ డ్రైవర్. స్టాండులో అందరూ అతన్ని కుక్కర్ అంటారు. కాకపోతే మూడు కూతలతో ఆగే రకం కాదు. నెల కిందట సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి లారీ గుద్దింది. డిక్కీ వెనక సీట్లోకి వచ్చేసింది, చట్రం వంకరపోయింది. ముందున్న ఇంజన్‌కు మాత్రం గీత కూడా పడలేదు. అది సరైన ధరకు పోతే ఇంకో పాత కారుకు అడ్వాన్సు కట్టొచ్చు. పోకపోతే ఇప్పటిలాగే, సెలవు పెట్టిన డ్రైవర్లకు బదులుగా ఎవరి బండి దొరికితే అది తోలుకుంటూ బతకాలి.

పాత సామాన్ల కొట్టువాడు ఇనుము తూకానికి అడిగాడు. అదే ఇంజన్‌లో చిక్కటి ఆయిల్ పోసి, చప్పుడు నొక్కేసి, కొత్తదే అనుకోండని ఇంకొకరికి అంటగడతాడని కుక్కర్‌కు తెలుసు. ఒకప్పుడు ఆ కొట్టులోనే గేర్‌బాక్స్ కొన్నాడు. రొద వినపడకుండా అందులో రంపపు పొట్టు కూరి ఉంది. కొన్న వారంలోనే పళ్లు రాలిపోయాయి. ఇప్పటికీ ఆ కొట్టు పేరెత్తితే చాలు, దగ్గు వచ్చినట్టు తిట్లు వస్తాయి అతనికి.

అందుకే తానే అమ్ముకుంటానన్నాడు. ప్రకటన పెట్టీ పెట్టగానే 'లాస్ట్ ఎంత' అంటూ మెసేజీలు ఈగల్లా ముసిరాయి. ఇంజన్ చూడరు, చప్పుడు వినరు, ఏ బండిదో కూడా అడగరు. ఒకడికైతే నీ బుర్రలో ఉన్నది ఇంతేనా, ఇదే లాస్టా అని జవాబు పెట్టాడు.

సరిగ్గా అడిగింది వ్యాన్ ఆవిడ ఒక్కతే. హోటళ్ల దుప్పట్లు లాండ్రీకి మోసే వ్యాన్ ఆవిడది. అతని కారుకూ ఆమె వ్యాన్‌కూ ఒకే రకం ఇంజన్. ఆవిడది నడిరోడ్డు మీద పట్టేసి ఆగిపోయింది. కుక్కర్ ఆవిడకు ఏదీ దాచలేదు. ఇంజన్ హెడ్ ఒకసారి విప్పించి బాగుచేయించానన్నాడు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే కాసేపు టకటక కొట్టుకుని, గుప్పెడు నీలం పొగ వదిలి, వేడెక్కాక సర్దుకుంటుందన్నాడు. అయితే పొద్దున్నే వస్తాను, ఎవరూ ముట్టుకోకుండా చల్లగా ఉంచండి, అదే విని కొంటానంది ఆవిడ. ఇంజన్ రోగం చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. వేడెక్కిందంటే నోరు మూసుకుంటుంది.

ఎవరు వేడెక్కించారో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. నోట్లో బ్రష్షుతో బావమరిది బయటికొచ్చాడు.

"నేనే బావా. ఆవిడ ముందు మొరాయిస్తే పరువు పోతుందని పావుగంట ముందే తిప్పి పెట్టా. ఇప్పుడు స్టార్ట్ చేసి చూడు, చప్పుడే ఉండదు."

అతను సెల్‌ఫోన్లు అమ్ముతాడు. కస్టమర్ వచ్చేసరికి ఫోన్ తుడిచి, ఛార్జింగ్ పెట్టి, వెలిగించి ఉంచాలని షాపులో నేర్పారు. ఆ పాఠం ఇంజన్‌కూ పనికొస్తుందనుకున్నాడు.

ఆవిడ నమ్మలేదు. ఒకరు నిజం చెప్పేవారట, ఇంకొకరు అమాయకులట, వేషాలు బాగానే పంచుకున్నారంది. పాత సామాన్ల కొట్లలో కూడా ఇలాగే ఇద్దరుంటారంది. ఆ మాటతో కుక్కర్ మూత లేచిపోయింది. బావమరిదితో మొదలుపెట్టి, అతని షాపునూ, ఆ షాపు ఓనరునూ, చివరికి సెల్‌ఫోన్ కనిపెట్టినవాణ్నీ వరసబెట్టి దులిపాడు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. వంటింట్లోంచి భార్య వచ్చింది.

"వాడు ఇంజన్నే కాచాడు. మీరు వీధంతా కాస్తున్నారు. ఆవిడ వెళ్లిపోతోంది, అటు చూడండి."

ఆవిడ అప్పటికే గేటు దాటింది. కుక్కర్ ఆగమని కేకేశాడు. బ్యాటరీ నట్లు విప్పి, దాన్ని రెండు చేతులా ఎత్తుకుని ఆవిడ దగ్గరికి నడిచాడు.

"తీసుకుపోండి. మీ ఇంట్లోనే పెట్టుకోండి. రేపు మీరే తెచ్చి, మీరే బిగించి, మీరే స్టార్ట్ చెయ్యండి."

ఆవిడ బ్యాటరీ వైపూ అతని మొహం వైపూ చూసింది.

"అంత బరువు నేనెక్కడ మోస్తానన్నా? తాళంచెవులివ్వండి. రెండూ."

ఒకటి అతని దగ్గరుంది. రెండోది బావమరిది జేబులోంచి వచ్చింది. బ్యాటరీ మళ్లీ బిగించాక, ఆవిడ రెండూ తీసుకుని వెళ్లిపోయింది. ఆ రోజంతా ఇంట్లో బావాబావమరుదులకు మాటల్లేవు. మధ్యలో ఒకసారి, ఛార్జర్ కావాలని మీ బావనడుగు అని అక్కతో అనబోయి, బావ తనకే గానీ అక్కకు కాదని గుర్తొచ్చి తనే నవ్వుకున్నాడు బావమరిది. కుక్కర్ నవ్వలేదు.

మర్నాడు ఆవిడ ఇంకా ముందే వచ్చింది. చెయ్యి ఆనించింది. ఈసారి జిల్లుమంది. తాళం తిప్పింది. మొదటిసారికే స్టార్ట్ అయింది గానీ టకటక ఎంతకీ ఆగలేదు. నీలం పొగ గుప్పెడు కాదు, ప్రహరీ గోడ దాకా వెళ్లింది. చివరికి ఇంజన్ సర్దుకుంది. కానీ అతను చెప్పినంత త్వరగా కాదు.

రాత్రి చలి ఎక్కువగా ఉందని అనొచ్చు. అది అబద్ధమూ కాదు. అయితే కొట్టువాడు కూడా సరిగ్గా అదే అంటాడు. కుక్కర్ ఇంజన్ వైపు, అది తన పరువు తీసినట్టు ఉరిమి చూశాడు.

"నేను చెప్పినదానికంటే ఎక్కువసేపే కొట్టుకుంది," అన్నాడు, ఆవిడనే తిడుతున్నట్టు.

"విన్నాను."

"ధర తగ్గించి అడగండి."

"మీరే తగ్గించండి. నేను తగ్గిస్తే మళ్లీ అరుస్తారు."

లోపల ఆయిల్ కారకుండా ఆపే వాల్వ్ సీళ్లు మారిస్తే ఆ పొగ పోతుంది. ఆ పనికి మెకానిక్ ఎంత తీసుకుంటాడో అంతా ధరలోంచి కొట్టేసి చెప్పాడు కుక్కర్. ఆవిడ బేరం ఆడలేదు. మధ్యాహ్నానికి, ఇంజన్ ఎత్తి బయటికి తియ్యడానికి కప్పీ వచ్చింది. గొలుసు లాగే పని ఎవరూ చెప్పకుండానే బావమరిది మీద పడింది.

నలభై ఐదు వేలు అనుకున్న ఇంజన్ నలభై ఒకటికి పోయింది. అడ్వాన్సుకు తగ్గిన నాలుగు వేల కోసం కుక్కర్ ఇంకో వారం పరాయి బళ్లు తోలాలి. రేపటి డ్యూటీ తెల్లవారుజామున ఐదింటికి.