పోయిందన్న కాగితం

మా ఆల్టరేషన్ షాపులో ఆమెను అందరం సూది అనే పిలుస్తాం. మనిషి సన్నం, మాట సూటి. కోటు తెచ్చి "కొంచెం వదులు చెయ్యమ్మా" అనే పెద్దమనుషులతో "కోటు తప్పేం లేదండీ, మీ కొలతలే మారాయి" అని మొహం మీదే అనేస్తుంది. పక్క టేబులు మీద కాజాలు, గుండీలు కుట్టేది నేను. ఆరేళ్ళుగా మా మధ్య దాపరికాలు లేవు. అందుకే ఈ సంగతి చెప్పే హక్కు నాకుందనుకుంటాను.

సూదికి అమ్మానాన్నలు చిన్నప్పుడే పోయారు. పెంచింది అక్కే. ఆ అక్క ఒక పెద్దాసుపత్రిలో రికార్డుల గది చూస్తుంది. ఇంట్లో ఎవరి కాగితమైనా, స్కూలు సర్టిఫికెట్ నుంచి పిల్లాడి టీకాల కార్డు దాకా, అక్క బీరువాలోనే ఉంటుంది. కావలసినప్పుడు అడిగి తెచ్చుకోవడం సూదికి చిన్నప్పటి నుంచీ అలవాటు.

మొదటి కాన్పు అక్క పనిచేసే ఆసుపత్రిలోనే అయింది. రోజంతా నొప్పులు పడి సూది సొమ్మసిల్లిపోయింది. వ్యాను నడిపే మొగుడు ఊళ్ళో లేడు. అక్క సంతకం పెట్టింది, కోసి కొడుకును తీశారు. మూడు నెలలు మిషను తొక్కలేకపోయినందుకు సూది పెద్దగా బాధపడలేదు. "నన్నొక్క మాట అడగలేదు చూడు" అని మాత్రం మూడేళ్ళ తర్వాత కూడా పని ఆపి మరీ అనేది.

రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు ఇంటి దగ్గరున్న వేరే ఆసుపత్రికి వెళ్ళింది. ఈసారి మామూలు కాన్పుకు ప్రయత్నిస్తానంది. తోడుగా నేనూ వెళ్ళాను. డాక్టరమ్మ పాత మచ్చ చూసింది.

"చర్మం మీద కోత అడ్డంగానే ఉంది. లోపల గర్భసంచి మీద ఎలా కోశారో దీన్ని చూసి చెప్పలేను. కింది భాగంలో అడ్డంగా కోసుంటే ప్రయత్నించొచ్చు. నిలువుగా కోసుంటే కుట్టు వీడే ప్రమాదం ఎక్కువ. అప్పటి డిశ్చార్జి కాగితం తీసుకురా."

సూదికి చప్పున అర్థమైంది. "కోటు పైకుట్టు చూసి లోపల లైనింగు ఎలా కుట్టారో మనం మాత్రం చెప్పగలమా" అంది నాతో.

కాగితం అక్కను అడిగింది. "ఇల్లు మారినప్పుడు పోయిందే. కంగారుపడకు, ఆఫీసులో ఫైలుంటుంది, తీస్తాను" అంది అక్క. వారం తర్వాత పాత ఫైళ్ళన్నీ పై అంతస్తుకి మార్చారంది. ఇంకో వారానికి ఆ దుమ్ములో వెతికి వెతికి దగ్గు పట్టుకుందంది. సూది పాపం దగ్గు మందు కొనిచ్చింది. అంతలో తొమ్మిదో నెల వచ్చింది. కాగితం లేకుండా తాను సాహసం చెయ్యలేనని డాక్టరమ్మ ఆపరేషన్‌కి తేదీ ఇచ్చింది. ఆ రోజు సూది మిషను మీద తల ఆనించి ఏడిస్తే, అక్క వచ్చి వీపు నిమిరింది. నేను కళ్ళారా చూశాను.

ఆపరేషన్ రోజు పొద్దున థియేటరు పక్క గదిలో సూది మంచం మీద ఉంది. అక్కా నేనూ చెరోవైపు. నర్సు సిరంజిలోకి మందు తీస్తూ దాని పేరు చెప్పింది.

"ఇది ఇంతకుముందు ఇచ్చారా? పడిందా?"

"నాకు తెలీదండీ" అంది సూది.

"అది ఇవ్వకండి" అంది అక్క గభాలున. "పోయినసారి స్పృహ లేనప్పుడు ఇస్తే ఒళ్ళంతా దద్దుర్లొచ్చి ఊపిరాడలేదు."

"ఈ మందేనా? బాగా గుర్తుందా?"

"ఇదే. కాగితంలో ఎర్ర సిరాతో రాశారు. నిన్న కూడా చూశాను."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. అక్క మొహం పాలిపోయింది.

"ఏ కాగితం అక్కా?" అంది సూది.

అక్క చేతిసంచి లోపలి అర జిప్పు తీసి, నాలుగు మడతల కాగితం నర్సుకిచ్చింది. ఇల్లు మారినప్పుడు పోయిందన్న కాగితమే. కంచే చేను మేయడమంటే ఏమిటో నాకు ఆ గదిలో తెలిసింది. ఆ సంచి లాక్కుని అవతల పారెయ్యాలనిపించింది.

"నా చేతి మీదుగా ఒక ఫైలు వెళ్ళిందే" అంది అక్క. "ఒకావిడ నీలాగే మామూలు కాన్పుకు ప్రయత్నించింది. కుట్టు వీడింది. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు. ఆ ఫైలు నేనే కట్టగట్టి పైన పెట్టాను. ఆ తర్వాత నిన్ను ఎలా పంపను?"

"ఆ మాట నాకు చెప్పుంటే, భయపడి నేనే కోయమనేదాన్నేమో. చెప్పలేదు. నేను తెచ్చిన దగ్గు మందు కూడా తాగావు."

డాక్టరమ్మ వచ్చి కాగితం చదివింది. "కింద అడ్డకోతే. బిడ్డ బాగుంది, ఇవాళే కోయాల్సిన తొందరేం లేదు. నొప్పుల కోసం కొన్ని రోజులు ఆగొచ్చు. కుట్టు వీడే ప్రమాదం తక్కువే, అసలు లేదని మాత్రం అనను. మధ్యలో తేడా వస్తే వెంటనే కోస్తాను. ఏం చేద్దాం? నువ్వు చెప్పు."

సూది మంచం దిగి చెప్పులు వేసుకుంది.

నాలుగో రోజు పొద్దున నొప్పులొచ్చాయి. ఈసారి మొగుడు పక్కనే కూర్చున్నాడు. మధ్యాహ్నం మూడింటికి బిడ్డ గుండె వేగం పడిపోతోందన్నారు. డాక్టరమ్మ వంగి విషయం చెప్పి అడిగింది. సూది తలూపి, తన సంతకం తనే పెట్టింది. ఆడపిల్ల పుట్టింది.

"చివరికి కోతే అయింది కదా. నేను చెప్తే విన్నారా?" అంది అక్క వరండాలో.

నాకు ఒళ్ళు మండింది. "మీరు చెప్పలేదు, దాచారు" అన్నాను.

ఇంటికి పంపే రోజు నర్సు డిశ్చార్జి కాగితం తెచ్చింది. అక్క అలవాటుగా చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వు, బీరువాలో పెడతాను."

సూది ఆ చేతుల్లో బిడ్డను పెట్టింది. కాగితం మడిచి తన సంచిలో వేసుకుంది.

"పిల్లను జాగ్రత్తగా పట్టుకో అక్కా. కాగితం నా దగ్గరుంటుంది."